బిళ్ల

చలికోటు మెడ బొత్తాం పట్టలేదు.
గుడ్డ కుంచించుకుపోయిందనుకున్నాను.
ఇరవై ఏళ్లుగా షీల్డ్స్ రోడ్డు కొట్లో
లావెక్కిన వాళ్లందరికీ నేను చెప్పే అబద్ధమే అది.

టేపు తీసి కొలుచుకున్నాను.
కిందటి చలికాలం కంటే ఒకటింపావు అంగుళం ఎక్కువ.
చెవి కింద వేలికి తగిలింది,
ఉసిరికాయంత.
నొప్పి లేదు. ఉంటే బావుండేది,
తిట్టుకోడానికి ఏదో ఒకటి దొరికేది.

మా అమ్మయితే "బిళ్ల కట్టింది" అనేది.
కాల్లో ముల్లు విరిగితే గజ్జలో బిళ్ల,
పన్ను పుచ్చితే దవడ కింద బిళ్ల.
ఉప్పు కాపడం పెడుతూ ముల్లు వెతికేది.
బిళ్ల జబ్బు కాదు మా ఇంట్లో, చాడీ.
ఎక్కడో ముల్లుందని చెప్పే చాడీ.

ఇక్కడ ముల్లు దొరకలేదు.
రెండుసార్లు ముక్క తీసి, రంగులద్ది వెతికారు.
డాక్టర్ రాబ్సన్ కాగితం తిప్పి
కాజిల్‌మన్ అంది. నాకు కాజిల్ ఒక్కటే వినిపించింది.
న్యూకాజిల్‌లో ఉంటున్నాం కదా, ఊరి జబ్బేమో,
మా నల్గొండ ఫ్లోరైడులా నీళ్ల దోషమేమో అనుకున్నాను.
"చాలా అరుదు" అంది.
ఆ మాట నేను పట్టుచీరలకు వాడతాను.

"ఒక్కచోటే ఉంటే కోసి తీసేస్తాం.
చాలామందికి అంతటితో సరి."
దేవుడా, ఒంటి బిళ్ల చెయ్యి.
తొక్కుడుబిళ్లలో వేసేది ఒక్కటేగా,
గడులన్నీ కుంటికాలితో గెంతి
గీత అవతలికి తన్నేస్తాను.

స్కాన్ రోజు నరంలోకి ఏదో చక్కెర ఎక్కించి
"కదలకు పెట్" అంది నర్సు.
ఈ ఊళ్లో అందరికీ అదే పిలుపు,
బస్సు డ్రైవరూ, చేపలమ్మే మనిషీ అంతే.
స్కాన్ పేరూ పెట్.
ఎవరిని పిలుస్తున్నారో తెలీక
ఇద్దరి తరఫునా పడుకున్నాను.

తెర మీద నేను.
మెడలో, రెండు చంకల్లో, పొట్ట లోతున వరసగా,
కుట్టబోయే ముందు గుడ్డకి గుచ్చిన
గుండుసూది తలల్లా.
ఇక కత్తి మాట ఎవరూ ఎత్తలేదు.

"ఒంట్లో ఒక కబురు అతిగా మోగుతోంది,
దాని నోరు నొక్కే మందుంది.
మూడు వారాలకోసారి, డ్రిప్పు."
ఎన్నాళ్లు?
"పనిచేసినన్నాళ్లు."
తోడుగా స్టెరాయిడ్ బిళ్లలు,
మొహం ఉబ్బుతుంది, నిద్ర పోతుంది.
కుదరకపోతే జుట్టు రాల్చేవి ఉన్నాయి.
ఊరికే చూస్తూ ఉండటమూ ఒక దారేనట,
రాత్రి జ్వరాలు లేనివాళ్లకి,
రక్తం ఇంత పలచబడని వాళ్లకి.

"మీరైతే ఏది ఎంచుకుంటారు?"
ఆమె పెన్నుకి మూత పెట్టింది. తీసింది.
"నేను చూసింది నలుగురిని.
మీరు ఐదో మనిషి."
ఐదుగురి కోసం అచ్చుకాగితం ఎవరు వేస్తారు?
అందరికీ సరిపోయే మాక్సీలే కొట్లో దొరికేది.
నాకు ఒంటి మీదే కత్తిరించాలి,
తప్పితే విప్పి మళ్లీ.

డ్రిప్పు గదిలో పక్క కుర్చీ గోర్డన్‌ది.
ఓడల రేవులో వెల్డరు ఒకప్పుడు.
"నీకేంటి?" అన్నాడు. చెప్పాను.
"ఎప్పుడూ వినలేదే" అన్నాడు, కాస్త అసూయగా.
తర్వాత జాకెట్ జిప్పు చూపించి
బాగుచేస్తావా అని అడిగాడు.

నాలుగో డ్రిప్పు అయ్యాక
అద్దం ముందు మెడ తడుముకున్నాను.
ఉసిరికాయా, రేగుపండా? చెప్పలేను,
నా వేళ్లకి ఆశ ఎక్కువ.

ఆ రాత్రి కోటు మెడ విప్పి
అంగుళంపావు వదులు చేశాను.
కచ్చాకుట్టే వేశాను.
లాగితే ఒక్క దారంతో ఊడొచ్చేలా.